పసుల కాడి పిల్లగాడు

తెలంగాణ రైతాంగ పోరాటం గురించి రాసిన వాళ్లంతా భూమి లెక్కలు రాశారు. పోరాట నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య లెక్కలో మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాలు, నాలుగు వేల ప్రాణాలు. ఆ లెక్కల్లోకి ఎక్కని మనిషి ఒకడున్నాడు. పాలపళ్లు ఊడకముందే దొర పసుల వెంట పోయిన పిల్లగాడు. జనగామ తాలూకాలో జరిగిన అన్యాయాలన్నిటికీ అడుగున ఉన్నది వాడి పొద్దును అప్పు కింద జమ కట్టుకోవడమే అని నేను నమ్ముతాను.

మాది రఘునాథపల్లి దగ్గర ఊరు. దూదేకుల ఇల్లు. పేర్లు మసీదువి, మాట తెలుగు, బతుకు కూలి. మా తాత పదేళ్లలోపే జీతానికి కుదిరాడు. ఆయన పెద్దక్క పెళ్లికి ముత్తాత అప్పు తెచ్చిన నలభై హాలీ సిక్కా రూపాయలే కారణం. జీతం అంటే ఆ అప్పు కింద చాకిరీ, ఉగాది నుంచి ఉగాదికి. కోడి కూయకముందే కొట్టంలో పేడ ఎత్తాలి, పసులకు కుడితి పెట్టాలి, పొద్దెక్కేసరికి మందను చెరువు వెనక బీడుకు తోలాలి. చిక్కంలో జొన్న గటక, మీద ఇంత పచ్చిపులుసు. దీపాలు పెట్టాక తిరిగొస్తే కొట్టంలోనే పడక. జ్వరం వచ్చి పడుకున్న రోజు నాగా. గొడ్డు పక్క చేన్లో మూతి పెడితే దండుగ. లేగ తప్పిపోతే దాని ఖరీదు. నాగాలు, దండుగలు, అప్పు తెచ్చిన నాగు గింజల మీద వడ్డీ అన్నీ కలిపితే ఉగాది నాటికి బాకీ తరగకపోగా పెరిగేది. అట్లా తాత మీసాలొచ్చేదాకా అదే ఇంట్లో ఉన్నాడు. ఏడాదిలో ఆయన తనదని చెప్పుకునే రోజులు పీర్ల పండుగవి మాత్రమే. ఆ రోజుల్లో గుండం చుట్టూ ఆడే వాళ్లలో సగం మంది ఊరి హిందువులే. వాళ్లలోనూ జీతగాళ్లే ఎక్కువ.

అప్పటి జనగామ నల్లగొండ జిల్లాలో ఒక తాలూకా. పైన నిజాం, మధ్యలో విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి వంటి వాళ్లు. ఆయన చేతి కింద అరవై ఊళ్లు, నలభై వేల ఎకరాలు ఉన్నాయని చెబుతారు. అప్పు కింద మనుషుల్ని కట్టేసే ఈ పద్ధతిని హైదరాబాద్ సర్కారు రాతల్లో భాగేలా అన్నారు. దాన్ని అదుపు చేయాలని 1936లో చట్టం కూడా తెచ్చారు. కానీ చట్టాన్ని అమలు చేయాల్సిన పటేల్, పట్వారీలే జీతగాళ్లను పెట్టుకున్న ఆసాములు. ఫిర్యాదు ఎవరికి చేయాలి? కాగితం చదివేదెవరు? సర్కారు బడి ఉంటే ఉర్దూలో ఉండేది. తెలుగు బడి పెడదామంటే 1920ల నుంచి సర్కారు ముందస్తు అనుమతి కావాలి. రాజ్యం మొత్తంలో చదువొచ్చిన వాళ్లు నూటికి పదిమంది కూడా లేని కాలం అది. అక్షరం రాని పిల్లగాడికి తన బాకీ ఎంతో తెలిసే దారి లేదు.

అదే కాలంలో ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అనే సంస్థ 'అనల్ మాలిక్' అని ప్రచారం చేసింది. ముస్లిం అయిన ప్రతివాడూ ఈ రాజ్యానికి ఏలిక అని దాని భావం. మా తాత వంటి వాళ్లు ఏ కొట్టానికి ఏలికలో ఆ ప్రచారకులు వచ్చి చూడలేదు. పేద ముస్లిం అసలు బతుకేమిటో దేవరుప్పుల పక్కన కామారెడ్డిగూడెం చెబుతుంది. షేక్ బందగీ అనే రైతు సొంతవాళ్లతో వచ్చిన భూతగాదాలో కోర్టుకెక్కి గెలిచాడు. దేశ్‌ముఖ్ అవతలి పక్షం. బందగీని దారికాచి చంపించారు. ఆయన సమాధి ఇప్పటికీ ఆ ఊళ్లో ఉంది, కులమతాలు చూడకుండా జనం మొక్కుతారు. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి' నాటకానికి ఆయన కథే ప్రాణం. ఏలిక మతం ఏదైనా, పేదవాడి బిడ్డకు అది అక్కరకు రాలేదు.

1946 జూలై 4న కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాక ఊరూరా రైతుల సంగం లేచింది. సంగం వచ్చిన ఊళ్లో వెట్టి ఆగింది, కూలి పెరిగింది, అప్పు పత్రాలు మంటల్లో పడ్డాయి. పెద్దలకు భూమి ఎంతో, పిల్లలకు ఆ కాగితాలు కాలడం అంత. బాకీ కాగితం లేకపోతే పిల్లగాణ్ణి కొట్టంలో ఉంచే హక్కు ఎవరికీ లేదు. జనగామ పొరుగున సుద్దాల ఊరి హనుమంతు పసులు కాసే పిల్లవాడి మీద పాట కట్టాడు. 'మా భూమి' సినిమాతో అది రాష్ట్రమంతా తెలిసింది. పిల్లల హక్కుల మీద మన నేల రాసుకున్న తొలి పత్రం ఆ పాటే అంటాను.

పోరాటం పిల్లల్ని కాపాడిందని మాత్రమే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. పోరాట దళాలకు కబురు మోసింది, సద్ది చేర్చింది ఎక్కువగా పసుల కాడి పిల్లలే. బీళ్లలో తిరిగే వాళ్లను ఎవరూ అనుమానించరు. అనుమానం వచ్చినప్పుడు మొదట దెబ్బలు తిన్నదీ వాళ్లే. ఇత్తెహాద్ సాయుధ దండు రజాకార్లు కొట్టారు, తర్వాత వచ్చిన భారత మిలిటరీ కొట్టింది. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో రజాకార్లు ఎనభై మందికి పైగా మనుషుల్ని చంపారు. సెప్టెంబరులో నిజాం రాజ్యం మీద భారత సైన్యం పోలీసు చర్య జరిగింది. ఆ తర్వాత ముస్లింల మీద పగ తీర్చుకున్నారు. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం రాజ్యం మొత్తంలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ ఎక్కువ నష్టపోయాయి. రెండో వరసలో చెప్పిన నాలుగు జిల్లాల్లో మా నల్లగొండ ఉంది. తండ్రి పోయిన ఇంట్లో పిల్లలేం కావాలి? మా వైపు బంధువుల్లో ఒక ఆయన అట్లాగే మళ్లీ జీతానికి పోయాడు. రజాకార్ల తప్పుకు, వాళ్లతో ఏ పొత్తూ లేని దూదేకుల పిల్లవాడు పసుల వెంట నడిచి బదులు తీర్చాడు.

జాగీర్లు 1949లో రద్దయ్యాయి, కౌలుదారీ చట్టం 1950లో వచ్చింది. జీతం మాత్రం పోలేదు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చాక కూడా నేను పంతులుగా పనిచేసిన ఊళ్లలో జూన్‌లో రాసుకున్న పేర్లు తొలకరి పడగానే తగ్గేవి. హాజరు పట్టీ పట్టుకొని ఇళ్లకు పోతే తండ్రులు ఒకటే మాట అనేవాళ్లు: "సారూ, వాడు బడికొస్తే బాకీ ఎవలు తీరుస్తరు?" ఆ తండ్రులకు చదువు మీద ఇష్టం లేక కాదు. బిడ్డ చదవాలని కన్నీళ్లు పెట్టుకున్న తల్లుల్ని చూశాను. పేదరికం పోయాక పిల్లలు బడికొస్తారని పెద్ద పెద్ద వాళ్లు చెప్పేవాళ్లు. అది తప్పని చేసి చూపించింది రంగారెడ్డి జిల్లా. శాంతా సిన్హా, మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990లలో అక్కడి పల్లెల్లో జీతం పిల్లల్ని విడిపించి, శిబిరాల్లో చదివించి, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది వాళ్ల సూత్రం. జీతగాళ్లను పెట్టుకున్న ఆసాముల చేతే వదిలించారు. 2003లో శాంతా సిన్హాకు మెగసెసే వచ్చింది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 1989ది, మన దేశం ఒప్పుకున్నది 1992లో, విద్యాహక్కు చట్టం అమలైంది 2010లో. ఆ కాగితాలు పల్లె గడప తొక్కాలంటే ఎవరో ఒకరు ఆ బాకీ మాట ఎత్తాలి.

ఇవాళ మా జిల్లాలో పసుల కాడ పిల్లలు కనపడటం అరుదు. తెలంగాణలో మైనారిటీ గురుకులాలే 204 ఉన్నాయి. మా తాత మునిమనవరాలు అటువంటి బడిలో చదివింది. ఇది చిన్న విషయం కాదు, మూడు తరాల పోరాటం అందులో ఉంది. అయినా 2016లో సవరించిన బాలకార్మిక చట్టం బడి వేళలు అయ్యాక ఇంటి పనిలో, సొంత కుటుంబ వృత్తిలో పిల్లల సాయాన్ని ఒప్పుకుంది. జీతం ఎప్పుడూ ఇంటి అవసరం పేరుతోనే మొదలైంది. పత్తి తీసే రోజుల్లో చేన్లలో కనిపించే పిల్లలు కూడా ఇంటి సాయం పేరుతోనే వస్తున్నారు. ఆ వెసులుబాటును చట్టం నుంచి తీసేయాలి. బడి మానేసిన బిడ్డ ఇంటికి పోయిన పంతులు మార్కుల గురించి కాదు, అప్పు గురించి అడగాలి. ఆ అప్పుకు దారి చూపడం ఊరి పని, పంచాయతీ పని, సర్కారు పని. బిడ్డ పొద్దు మాత్రం ఆ బాకీలోకి ఎన్నటికీ జమ కాకూడదు.