రంగూను రేవు కూలీ బొమ్మ

సంక్రాంతికి బొమ్మల కొలువు దీర్చు ఇండ్లు మన గోదావరి సీమలో నేటికిని గలవు. ఆ మెట్లమీద దశావతారము లుండును, అంబారీ యేనుగు ఉండును, తాటిచెట్టెక్కు గీతగాడు ఉండును, తుపాకి భుజమున నుంచుకొన్న సిపాయియు నుండును. కాని రెండవ ప్రపంచయుద్ధములో తుపాకి పట్టకయే ఆ యుద్ధపు బరువు మోసిన మనవాడు మాత్రము అందు గానరాడు. అతడు రంగూను రేవులో ఓడసరకు దించిన తెలుగు కూలీ. అతని బొమ్మను చేయవలెనన్న ఎట్లు చేయవలెను, ఏ రంగు వేయవలెను అన్నదియే నేటి ప్రసంగము. మనిషి నెరుగక బొమ్మ చేయరాదు గనుక ముందుగా అతని కథ.

కోరంగి పేరు మీరెల్లరు నెరిగినదే. గోదావరి పాయ యొకటి సముద్రమున గలియుచోట ఓడలు గట్టుచుండిన రేవది. 1839 నవంబరు తుపానులో అది పాడయ్యెను. వర్తకము కాకినాడకు జారెను. కాని ఆ పేరు బర్మాలో నిలిచిపోయెను. అచ్చట తెలుగు కూలీని, అతడు ఏ జిల్లావాడైనను, కోరంగీ యనియే పిలిచిరి. రేవు పేరు జనుల పేరాయెను. రానురాను అది చులకన మాటయు నాయెను.

కాకినాడ మొదలుకొని కళింగపట్టణము వరకు గల రేవులనుండి పొగయోడలు రంగూనునకు బోవుచుండెను. మేస్త్రీ ముందుగా బయానా యిచ్చి కూలీని గట్టుకొనును. ఆ బాకీ తీరువరకు కూలీ ఆతని చేతిలోనివాడే. బియ్యపు మిల్లులు, రిక్షాలు, రేవు, ఎచ్చట జూచినను మనవారే. 1931 జనాభా లెక్కలలో రంగూను పట్టణమున సగమునకు మించి భారతీయులే యుండిరి. అంతకు ముందేడు, 1930 మేలో, తెలుగు రేవుకూలీలు కూలి పెంచుమని పని మానగా వారి చోట బర్మీయులను బెట్టిరి. తగవు తీరి మనవారు మరల పనికి రాగానే ఆ బర్మీయులను పొమ్మనిరి. ఆకలిగొన్న ఇరువురి నడుమ రగిలిన ఆ చిచ్చు వందకు మించిన ప్రాణములను మ్రింగెను. దోషము ఆ కూలీలలో ఎవరిదియు గాదని నాకు దోచును.

1941లో ఈ కూలీ పని యుద్ధపు పని యాయెను. జపానుతో పోరాడుచుండిన చీనాకు అమెరికా పంపు లారీలు, మందుగుండు పెట్టెలు రంగూనులో దిగి, లాషియో వరకు రైలుమీదను, అచ్చటినుండి కొండబాటను కున్మింగునకును బోవుచుండెను. ఆ యేడు డిసెంబరు 23న, మరల 25న, జపాను విమానములు రంగూనుమీద బాంబులు గురిసెను. చచ్చినవారు చావగా మిగిలిన కూలీలనేకులు ఊరు విడిచిరి. రేవు పని కుంటుపడెను. 1942 ఫిబ్రవరిలో వచ్చిన బ్రిటిషు ట్యాంకుల దళము తన ట్యాంకులను తానే ఓడనుండి దించుకొనవలసి వచ్చెను. కూలీ విలువ కూలీ లేనినాడు తెలిసినది.

ఊరు విడిచినవారు ప్రోమునకు నడచి, అచ్చటినుండి వందమైళ్లకు మించిన కొండదారిని తౌంగుప్ చేరి, పడవలమీద అక్యాబునకు, చిట్టగాంగునకు వచ్చిరి. దారిలో కలరా. పిదప మణిపురము దారినిబట్టి వచ్చినవారికి వానలు, మన్యపు జ్వరము. లక్షలమంది ఇట్లు వచ్చిరి. వేలమంది దారిలోనే రాలిరి. వారింకను నడచుచుండగనే 1942 ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖపట్టణములమీదను బాంబులు పడెను.

ఇక బొమ్మ. కొండపల్లివారి పద్ధతియే మనకు జాలును. తెల్లపొణికి కర్రను సెగకు బెట్టి చెమ్మ పోగొట్టవలెను. మొండెమును ఒకే ముక్కగా చెక్కి, చేతులను వేరుగా జేసి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు గలిపిన మక్కుతో అతుకవలెను. కొలతకు అడుగునకు అంగుళము చొప్పున దీసికొనుడు. అయిదున్నర అడుగుల మనిషికి అయిదున్నర అంగుళములు. అయితే మూటక్రింది మనిషి నిటారుగా నిలువడు. మోకాళ్లు కొంచెము మడగును, మెడ ముందునకు సాగును; కనుక నిలువు నాలుగున్నరకు మించరాదు. పాదముల విషయమున శ్రద్ధ వహింపుడు. పలకమీద కాలు జారిన చేటు గనుక కూలీ వ్రేళ్లతో పలకను బట్టుకొని నడచును. ఈ వ్రేళ్లు కుదిరినచో బొమ్మ కుదిరినట్లే.

సున్నపు పూత ఆరి నునుపు జేసిన పిమ్మట మేకవెంట్రుకల కుంచెతో రంగులు. ఒంటికి ఉత్త నలుపు పులుమరాదు; అది వెక్కిరింపు. కావిలో నలుపు గలిపి, వీపుమీద ఒక ఛాయ ముదురుగా, గుండెమీద ఒక ఛాయ లేతగా వేయుడు. మోకాలి పైకి గట్టిన పంచ తెల్లగా నుండరాదు, మాసిన గోనె వన్నె చాలును. తలగుడ్డకు మాత్రము ఎరుపు వేయుడు. ఇది నా యిష్టము, చరిత్ర గాదు. భుజములమీద పొడికుంచెతో తెలుపు అంటింపుడు, అది బియ్యపు దుమ్ము. నేటి ఎనామిలు రంగుల మెరుగు ఒంటికంతకు తగదు గాని, నుదుటను వెన్నుగాడిని చెమట చూపుటకు ఒక చుక్క పనికివచ్చును.

ఏ ఘడియను బొమ్మలో నిలుపవలెను? కొండదారిని మూట నెత్తిన బెట్టుకొని పారివచ్చు మనిషిగా జేయుదమని కొందరనవచ్చును. నేను సమ్మతింపను. అది అతనికి వచ్చిన ఆపద. రేవుపని అతడు చేసిన పని. వీపున మూడున్నర అంగుళముల గోనెబస్తా నుంచి, పాదములచెంత ఒక కర్రపెట్టెను బెట్టుడు. బస్తా శాంతికాలపుది, పెట్టె యుద్ధపుది. పీటను రేవుపలకల వలె గీతలు గీసి, దానిపై కోరంగి కూలీ, రంగూను, 1941 అని తెలుగున వ్రాయుడు.

కొలువులో సిపాయి ప్రక్కనే ఇతనిని నిలుపవచ్చును. మీ యింటి సిపాయి మూడంగుళములవాడైనచో, నడుము వంచిన కూలీయే పెద్దగా గానవచ్చును. కొలత మార్పవలదు.