అమ్రాబాదు అడవిలో పెద్దపులి

నల్లగొండ, పాత మహబూబునగరు జిల్లాల దక్షిణపు అంచున, కృష్ణానదిని ఆనుకొని నల్లమల కొండలు ఉన్నవి. ఆ కొండలపై గల విశాలమైన ఎత్తు నేలకు అమ్రాబాదు పీఠభూమి అని పేరు. ఉత్తరమున మెట్ట పొలములు, చెరువులు గల ఊళ్లు. దక్షిణమున లోతైన నదీలోయ. ఈ రెండింటి నడుమ గల అడవిలో పెద్దపులి నేటికిని బ్రతికి ఉన్నది. దేశమున అనేక అడవులలో అంతరించిన ఈ మృగము ఇచ్చట ఎట్లు మిగిలినది? సమాధానము కొంత జీవశాస్త్రములోను, కొంత చరిత్రలోను కలదు.

ముందుగా జీవశాస్త్రమును చూతము. నల్లమల ఆకురాల్చు అడవి. వేసవిలో చెట్లు మోడువారును, వాగులు ఎండిపోవును. నీరు మిగిలిన మడుగుల చెంతకు చుక్కల దుప్పులు, కణుతులు, మనుబోతులు, అడవిపందులు చేరును. వాటి వెంట పులి వచ్చును. ఒక పులి సగటున వారమునకు ఒక పెద్ద జంతువును, అనగా సంవత్సరమునకు సుమారు 50 జంతువులను చంపి తినును. మందలో పదియవ వంతు కంటె ఎక్కువ పోయినచో మంద క్రమముగా తరిగిపోవును. కాబట్టి ఒక్క పులి నిలుచుటకు దాదాపు 500 జంతువులు ఉండవలెను. వాటికి గడ్డి, నీరు, నీడ కావలెను. గడ్డి పలుచగా ఉన్న చోట పులికి మరింత విశాలమైన అడవి అవసరము.

ఇక చరిత్ర. స్వాతంత్ర్యమునకు పూర్వము కృష్ణకు ఉత్తరపు అడవి నిజాము రాజ్యములోను, దక్షిణపు అడవి మద్రాసు రాష్ట్రములోను ఉండెను. అమ్రాబాదు అడవులు నిజాముల వేటకు ప్రత్యేకింపబడినవి. ఫరహాబాదు వారి వేట విడిది. అందుచేత అడవి గొడ్డలి దెబ్బకు కొంత దూరమైనది కాని, పులి మాత్రము తుపాకి గురికి దూరము కాలేదు. ఆ కాలమున పులుల లెక్క చచ్చిన వాటి లెక్కయే.

అదే అడవిలో చెంచులు తరతరములుగా దుంపలు, పండ్లు, తేనె సేకరించుచు, చిన్న వేటతో జీవించిరి. హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రవేత్త 1940లో వారి నడుమ ఉండి పరిశీలించి, 1943లో వారిని గూర్చి గ్రంథము ప్రకటించెను. చెంచు పెంటలు ఉన్నచోటనే పులియు మిగిలినది. ఇది మనము గమనింపదగిన విషయము.

1948లో నిజాము పాలన ముగిసెను. 1972లో దేశమున పులులను లెక్కింపగా 1,827 మాత్రమే తేలినవి. ఆ సంవత్సరమే వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1973లో పులుల సంరక్షణ పథకము ప్రారంభమయ్యెను. నాగార్జునసాగర్-శ్రీశైలము అడవులు 1978లో అభయారణ్యముగను, 1983లో పులుల సంరక్షణ కేంద్రముగను ప్రకటింపబడినవి. దాని వైశాల్యము 3,568 చదరపు కిలోమీటర్లు. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట ఉత్తర భాగము అమ్రాబాదు పులుల సంరక్షణ కేంద్రమైనది.

లెక్కించు పద్ధతియు మారినది. పూర్వము పాదముద్రలను గాజు పలకపై గీసికొని పులులను గుర్తించెడివారు. ఒకే పులి అడుగు తడినేలలో ఒకరీతిగను, పొడినేలలో మరొకరీతిగను పడును. కావున పొరపాట్లు జరిగెడివి. తరువాత ఉల్లాస్ కారంత్ మొదలగు శాస్త్రజ్ఞులు దారుల ప్రక్కన కెమెరాలు అమర్చు పద్ధతిని ప్రవేశపెట్టిరి. మన వ్రేలిముద్రల వలె ఏ రెండు పులుల చారలును ఒకటిగా ఉండవు. ఈ పద్ధతిన 2006లో 1,411, 2022లో 3,682 పులులు దేశమున ఉన్నట్లు అంచనా వేసిరి. హిమాలయములలోని మంచుచిరుతలను సైతము వాటి మచ్చలను బట్టి ఇట్లే గుర్తింతురు. 2024లో ప్రకటించిన గణన ప్రకారము అవి మన దేశమున 718.

ఇంతటితో ప్రమాదము తీరలేదు. హైదరాబాదు-శ్రీశైలము రహదారి ఈ అడవి నడుమనుండియే పోవుచున్నది. అందువలన రాత్రివేళ అడవిలోనికి వాహనములను విడువరు. వేసవి కార్చిచ్చు గడ్డిని కాల్చివేయును. 2019లో యురేనియము అన్వేషణ ప్రతిపాదనపై ప్రజలలో ఆందోళన చెలరేగగా, తెలంగాణ శాసనసభ దానిని వ్యతిరేకించుచు తీర్మానము చేసెను. చెంచులను అడవి వెలుపలికి తరలింపవలెనా అను ప్రశ్న మరొకటి. 2006 నాటి అటవీ హక్కుల చట్టము అడవిపై వారి హక్కును గుర్తించినది. జంతువుల జాడలు ఎరిగిన చెంచులే పలువురు నేడు అడవికి కాపలాదారులు. వారిని వెళ్లగొట్టి పులిని కాపాడుదుమనుట కాపరిని పంపివేసి మందను కాపాడుదుమనుట వంటిది.

వేట ఆపుట మొదటి మెట్టు మాత్రమే. ఇంతకుముందు చెప్పిన లెక్కను ఉపాధ్యాయులు తరగతిలో పిల్లలచేత వేయించవచ్చును: పది పులులకు ఎన్ని దుప్పులు కావలెను? అన్ని దుప్పులకు ఎంత గడ్డి, ఎన్ని మడుగులు కావలెను? లెక్క పూర్తియగునప్పటికి పులిని కాపాడుట యనగా అడవినంతటిని కాపాడుటయే యని పిల్లలకు తామే తెలియును.