కంప్యూటర్ తీగలు: నాడు – నేడు

ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర చెప్పగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ఉద్యోగకాలమంతా కంప్యూటర్ల వెనుక వైపు కూర్చుని కేబుళ్లు సరిచేసినవాణ్ణి. కనుక ఆ కేబుళ్ల చరిత్రే మనవి చేస్తాను.

మన ఊరికి కంప్యూటర్ నిన్న మొన్న వచ్చింది కాదు. 1967లో హైదరాబాదులో స్థాపించిన ఈసీఐఎల్, 1970లలోనే టీడీసీ-312, టీడీసీ-316 యంత్రాలను తయారు చేసింది. ఆ కాలంలో టెర్మినల్‌ను కంప్యూటర్‌తో కలపడానికి బాగా వాడిన పద్ధతి ఆర్.ఎస్.-232. అమెరికాలో 1960లో వచ్చిన ప్రమాణం అది. దాని ప్లగ్గుకు సాధారణంగా 25 పిన్నులు, రెండు పక్కలా బిగించే మరలు ఉండేవి.

టెర్మినల్ మూగబోతే మేము ముందు కేబుల్ ఊడదీసేవాళ్లం. పోర్టులో పంపే పిన్ను 2, అందుకునే పిన్ను 3. ఆ రెండింటినీ చిన్న తీగ ముక్కతో కలిపి ఒక అక్షరం కొట్టేవాళ్లం. అది తిరిగి మన తెర మీదికే వస్తే పోర్టు మంచిదే, దోషం కేబుల్‌లోనో అవతలి వైపునో ఉన్నట్టు. రాకపోతే దోషం ఇవతలే. పెద్ద యంత్రాన్ని అనుమానించే ముందు చిన్న తీగను పరీక్షించాలన్నది మేము నేర్చుకున్న మొదటి పాఠం.

తరువాత ఇళ్లలోకి వచ్చిన కంప్యూటర్లకు కీబోర్డుకొక రంధ్రం, ప్రింటరుకొక రంధ్రం, మౌసుకు మరొకటి. ఈ గందరగోళం తీర్చడానికి 1996 జనవరిలో యూఎస్‌బీ వచ్చింది. దాని రూపకల్పనలో ముఖ్యుడు, ఇంటెల్ ఇంజనీరు అజయ్ భట్ బరోడాలో చదివిన మనవాడే. అందులో తీగలు నాలుగే. ఎరుపు, నలుపు కరెంటుకు. తెలుపు, ఆకుపచ్చ సమాచారానికి. 2014లో వచ్చిన టైప్-సి ప్లగ్గులో మళ్లీ 24 కొసలు!

ఈ నాలుగు తీగల సంగతి మా బౌద్ధనగర్‌లో ఒక పెద్దావిడ పింఛను విషయంలో అక్కరకొచ్చింది. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ మొదలైనప్పటి నుంచి, మనం బతికే ఉన్నామని వేలిముద్రతోనూ చెప్పవచ్చునని మీకు తెలిసినదే. ఒక నవంబరులో ఆవిడ ఇంట్లోనే ఆ యంత్రం పెట్టారు. ఎన్నిసార్లు వేలు ఆనించినా ఫలితం లేదు. "వయసు మీద పడింది, వేళ్లు అరిగిపోయాయి" అన్నారు ఇంట్లోవాళ్లు. ఆవిడ చేతులు కొంగులో దాచుకుని, "ఇక నా వేలు కూడా పనికిరాదా నాయనా?" అన్నారు.

యంత్రంలో దీపం వెలుగుతూనే ఉంది. అంటే ఎరుపు, నలుపు తీగలు బాగున్నాయి. కాని కంప్యూటర్ తెర మీద యంత్రం పేరే లేదు! మధ్యలో ఒక పొడిగింపు తీగ వేసి ఉంది. దాన్ని తీసి, యంత్రాన్ని నేరుగా వెనుక పోర్టులో పెట్టాను. మొదటిసారికే ముద్ర పడింది. తప్పు వేలిది కాదు, తీగది.

కనుక మిత్రులారా, ఇంట్లో ఏదైనా పనిచేయకపోతే ఒకసారి ఒక్కటే మార్చి చూడండి. ముందు పొడిగింపు తీసేయండి. తరువాత వెనుక పోర్టు వాడండి. ముందు పోర్టులకు డబ్బా లోపల మరో తీగ ఉంటుంది. ఆ తరువాత కేబుల్ మార్చండి. కొన్ని ఫోన్ కేబుళ్లలో ఛార్జింగు తీగలే ఉంటాయి, సమాచారం నడవదు. చివరగా మరో కంప్యూటర్‌కు పెట్టి చూడండి. పోర్టులో దుమ్ముంటే, కరెంటు తీసేసి పొడి బ్రష్షుతో తుడవండి, పిన్నీసు పెట్టకండి. పోర్టు వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా మెకానిక్కును పిలవండి.

అన్నిటికన్నా ముందు, మన వయసును అనుమానించకండి. సెలవు.