ఇంటి నిర్వహణలో అపోహలు

ఇంటి నిర్వహణలో అపోహలు అనగా నివాస గృహాల మరమ్మతులు, శుభ్రత, భద్రతల విషయంలో జనసామాన్యంలో పాతుకుపోయిన, శాస్త్రీయంగా నిలబడని నమ్మకాలు. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అనే సామెత ఇల్లు కట్టడంలోని కష్టాన్ని తెలుపుతుంది. కట్టిన ఇంటిని కాపాడుకోవడం కూడా అంతే శ్రద్ధ అవసరమైన పని. ఈ అపోహలలో చాలావాటికి మూలం ఒక్కటే: కంటికి కనిపించే లక్షణాన్ని పోగొడితే దాని కారణం కూడా పోయినట్లేనని భావించడం. కొన్ని అపోహల వలన ధనం మాత్రమే వృథా అవుతుంది. విద్యుత్తు, వంటగ్యాసు, రసాయనాలకు సంబంధించిన అపోహలు ప్రాణాపాయానికి దారితీస్తాయి.

గోడల చెమ్మ, పైకప్పు పెచ్చులు

గోడకు చెమ్మ ఎక్కినపుడు దానిపై కొత్తగా రంగు వేయిస్తే సమస్య తీరుతుందని పలువురు భావిస్తారు. చెమ్మకు రంగుతో సంబంధం లేదు. నీరు ప్రధానంగా మూడు మార్గాలలో గోడలోకి చేరుతుంది: పునాది నుండి పైకి పాకడం, పైకప్పు లేదా బయటి గోడ పగుళ్ళ నుండి వాన నీరు దిగడం, గోడలోని గొట్టాలు కారడం. నేల నుండి పాకే చెమ్మ సాధారణంగా గోడ అడుగు భాగానికి, సుమారు ఒక మీటరు ఎత్తులోపు పరిమితమవుతుంది. వాన నీటి చెమ్మ వర్షాకాలంలో పెరిగి వేసవిలో తగ్గుతుంది. గొట్టం కారుతున్నట్లయితే ఏ కాలంలోనైనా మచ్చ తడిగానే ఉంటుంది. గోడపై తెల్లగా పూసే పొడి, ఇటుకలోను సిమెంటులోను ఉండే లవణాలను నీరు బయటికి తెచ్చి ఆవిరైనపుడు మిగిలేది. నీటి దారిని మూయకుండా వేసిన రంగు కొద్ది కాలానికే పొక్కులు లేచి ఊడిపోతుంది.

పైకప్పు నుండి పెచ్చులు ఊడినపుడు ఆ చోట సిమెంటు మెత్తితే చాలుననుకోవడం ఇంతకంటే ప్రమాదకరమైన అపోహ. ఇనుము తుప్పు పట్టినపుడు, ఏర్పడిన తుప్పు అసలు లోహం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ స్థలాన్ని ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే కాంక్రీటు పగిలి పెచ్చులుగా రాలుతుంది. తుప్పును శుభ్రం చేయకుండా, పైనుండి దిగే నీటిని ఆపకుండా చేసిన పూత మళ్ళీ ఊడిపోతుంది. ఈలోగా కడ్డీ సన్నబడి కప్పు బలహీనపడుతుంది. కడ్డీలు బయటపడిన కప్పును ఇంజనీరుకు చూపించడం అవసరం.

ఇదే విధంగా గోడ పగులులో మొలచిన రావి, మర్రి మొక్కలను పైకి కనిపించినంత వరకు కోస్తే సరిపోదు. లోపల మిగిలిన వేరు తిరిగి చిగురించి పగులును పెద్దది చేస్తుంది.

చెదలు

టేకు కలపకు చెదలు పట్టవని ఒక నమ్మకం. టేకు మానులోని చేవ భాగం చెదలను బాగా తట్టుకుంటుంది. మాను అంచున లేత రంగులో ఉండే చేవలేని భాగానికి ఆ శక్తి లేదు. చెదలు కలపలోనే పుడతాయన్నది మరొక అపోహ. మన ఇళ్ళలో సాధారణంగా కనిపించే చెదలు నేలలో పుట్టలు పెట్టి, మట్టితో దారులు కట్టుకుని కలపను చేరుతాయి. ఆ దారులను చీపురుతో దులిపినా, కిరోసిన్ పోసినా అక్కడ ఉన్న పురుగులు మాత్రమే చస్తాయి. రాణి నేలలోని పుట్టలో క్షేమంగా ఉండి గుడ్లు పెడుతూనే ఉంటుంది. పైగా కిరోసిన్ వలన అగ్ని ప్రమాదం జరగవచ్చు.

తొలకరి వానల తరువాత దీపాల చుట్టూ మూగే ఉసిళ్ళు వేరే జాతి పురుగులని చాలామంది అనుకుంటారు. అవి రెక్కలు వచ్చిన చెదలే. బయటి నుండి దీపానికి వచ్చినవి కాక, ఇంటి గోడ నుండో గుమ్మం నుండో ఉసిళ్ళు వెలువడితే సమీపంలోనే చెదల స్థావరం ఉన్నదని గ్రహించాలి. కట్టిన ఇళ్ళలో చికిత్స కొరకు గోడ, నేల కలిసే చోట వరుసగా రంధ్రాలు చేసి మందును నేలలోకి పంపుతారు. ఈ పనిని శిక్షణ పొందినవారితోనే చేయించాలి.

విద్యుత్తు

ఎం.సి.బి. ఉన్నది కావున షాకు కొట్టదన్న నమ్మకం ప్రాణాంతకం. ఎం.సి.బి. పని తీగలను అధిక భారం నుండి, షార్ట్ సర్క్యూట్ నుండి కాపాడడం. 16 ఆంపియర్ల ఎం.సి.బి. ఆ స్థాయిని మించిన విద్యుత్తు ప్రవహించినపుడే ఆగుతుంది. మనిషి గుండె లయ తప్పడానికి ఒక ఆంపియరులో పదో వంతు కూడా చాలు. మనుషుల రక్షణకు ఉద్దేశించిన పరికరం ఆర్.సి.సి.బి. ఇళ్ళలో వాడే 30 మిల్లీ ఆంపియర్ల రకం, విద్యుత్తు శరీరం గుండా భూమికి పోతున్నట్లు గుర్తించి సెకనులో స్వల్ప భాగంలోనే సరఫరాను నిలిపివేస్తుంది. అయితే ఒకే వ్యక్తి ఫేజు, న్యూట్రల్ తీగలు రెండింటినీ తాకినపుడు ఇది కూడా కాపాడలేకపోవచ్చు.

మాటిమాటికీ ఫ్యూజు పోతున్నదని లావు తీగ చుట్టడం, మూడు పిన్నుల ప్లగ్గులోని పెద్ద పిన్నును అనవసరమని తొలగించడం కూడా ఇటువంటి పొరపాట్లే. ఆ పెద్ద పిన్ను ఎర్తుకు చెందినది. బకెట్టులో హీటరు కడ్డీ పెట్టి, స్విచ్చి ఆపకుండానే నీరు కాగిందో లేదో చేతితో చూడడం అత్యంత ప్రమాదకరం. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసిన తరువాతే నీటిని ముట్టుకోవాలి.

వంటగ్యాసు

గ్యాసు పొగవలె పైకి పోతుందని భావించి కిటికీ పైరెక్కలు మాత్రమే తెరవడం, పంకా వేయడం తరచుగా జరిగే తప్పులు. వంటగ్యాసు గాలి కంటే బరువైనది, కావున నేల వెంట పరుచుకుని మూలలలో నిలుస్తుంది. పంకా స్విచ్చి వేసినపుడు పుట్టే చిన్న నిప్పురవ్వ కూడా దానిని మండించగలదు. వాసన వచ్చిన వెంటనే చేయవలసినవి:

* స్టవ్వు, రెగ్యులేటరు కట్టివేయాలి.
* ఏ విద్యుత్ స్విచ్చినీ వేయరాదు, తీయరాదు.
* తలుపులు, కిటికీలు పూర్తిగా తెరచి అందరూ బయటికి రావాలి.
* బయటికి వచ్చిన తరువాతే అత్యవసర సంఖ్య 1906కు ఫోను చేయాలి.

ఈ వాసన గ్యాసుకు సహజమైనది కాదు. లీకును గుర్తించడానికి ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే పదార్థాన్ని అందులో కలుపుతారు.

అడుగున మిగిలిన గ్యాసు కొరకు సిలిండరును పడుకోబెట్టడం కూడా అపాయకరం. అలా చేస్తే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటరులోకి ప్రవేశించవచ్చు. సిలిండరుపై "బి 27" వంటి గుర్తును గ్యాసు చెడిపోయే తేదీగా కొందరు పొరబడతారు. అది సిలిండరును తిరిగి పరీక్షించవలసిన గడువు. ఎ, బి, సి, డి అక్షరాలు సంవత్సరంలోని నాలుగు త్రైమాసికాలను సూచిస్తాయి. "బి 27" అనగా 2027 జూన్ చివరి వరకు. గడువు దాటిన సిలిండరును తీసుకోకుండా తిప్పి పంపాలి.

శుభ్రపరిచే రసాయనాలు

రెండు మందులు కలిపితే మురికి రెట్టింపు వేగంతో పోతుందని మరుగుదొడ్డిలో బ్లీచింగ్ పౌడరును, యాసిడ్‌ను కలిపి వాడేవారున్నారు. ఈ రెండూ కలిసినపుడు క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో ఈప్ర్ వద్ద జర్మన్ సేన ఆయుధంగా ప్రయోగించినది ఈ వాయువునే. గాలి ఆడని చిన్న గదిలో ఇది ఊపిరితిత్తులను తీవ్రంగా దెబ్బతీస్తుంది.

యాసిడ్‌తో కడిగితే పాలరాయి మెరుస్తుందన్నది కూడా పొరపాటే. పాలరాతిలో ప్రధానంగా ఉండే కాల్షియం కార్బొనేట్ ఆమ్లంలో కరుగుతుంది. నురగ వచ్చేది మురికి పోవడం వలన కాదు, రాయి కరగడం వలన.

నీటి తొట్లు, దోమలు

దోమలు మురికి కాలువలలోనే పెరుగుతాయని, మంచినీటి తొట్టికి భయం లేదని ఒక అభిప్రాయం. డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమ ఇళ్ళలోని నిలవ నీటిలో, అనగా తొట్లు, డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీల పళ్ళేలలో గుడ్లు పెడుతుంది. తొట్టి గోడలకు అంటుకున్న ఆ గుడ్లు నీరు లేకున్నా నెలల తరబడి బ్రతికి ఉండగలవు. కావున నీటిని పారబోస్తే సరిపోదు. వారానికి ఒకసారి లోపలి గోడలను పీచుతో రుద్ది కడిగి, ఆరబెట్టి, మూత బిగించాలి.

ఇవి కూడా చూడండి

* చెద పురుగు
* డెంగీ జ్వరం
* విద్యుత్ భద్రత