జబర్దస్త్: తర్కం తప్పినచోట నవ్వు

'జబర్దస్త్' 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో ప్రారంభమైన హాస్య లఘునాటికల కార్యక్రమం. నిర్మాణ సంస్థ మల్లెమాల ఎంటర్‌టైన్‌మెంట్స్. తొలి న్యాయనిర్ణేతలు నాగబాబు, రోజా, వ్యాఖ్యాత అనసూయ. 2014లో 'ఎక్స్‌ట్రా జబర్దస్త్' దీనికి తోడైంది. ఉపగ్రహ ప్రసారాల వల్ల సూరత్ మరమగ్గాల వాడల్లో స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలకూ ఇది అందుబాటులోకి వచ్చింది.

పెళ్లిచూపులో, పంచాయితీయో సజావుగానే మొదలవుతుంది. ఒకరు అడిగిన మాటలోని శ్లేషను మరొకరు పట్టుకుని అడ్డదిడ్డంగా బదులివ్వడంతో సన్నివేశం తర్కాన్ని విడిచి ఎటో సాగిపోతుంది. కథకన్నా మాటకే ప్రాధాన్యం. హైపర్ ఆది స్కిట్లలో ఈ ధోరణి పరాకాష్ఠకు చేరింది. స్త్రీపాత్రలను చాలావరకు పురుషులే ధరించారు. రంగస్థలంపై స్థానం నరసింహారావు సత్యభామ గౌరవాన్ని పొందగా, ఇక్కడి స్త్రీవేషం తరచు వెకిలినవ్వుకే పరిమితమైంది. ద్వంద్వార్థాలపై, శరీరాకృతిని ఎగతాళి చేయడంపై వచ్చిన విమర్శ అకారణమైనది కాదు.

అయితే అవకాశాలు అంతంతమాత్రంగా ఉన్న మిమిక్రీ, రంగస్థల కళాకారులు పలువురికి ఈ కార్యక్రమమే ఉపాధి చూపింది. ఇక్కడ బృందనాయకుడిగా పేరు తెచ్చుకున్న వేణు ఎల్దండి 2023లో 'బలగం' చిత్రానికి దర్శకత్వం వహించారు. చనిపోయిన పెద్దాయనకు పెట్టిన పిండాన్ని కాకి ముట్టకపోవడమే ఆ కథలోని చిక్కుముడి.