రహీం సాబ్: పదమూడేళ్లు ఒకే జట్టును నడిపిన బడిపంతులు

సయ్యద్ అబ్దుల్ రహీం (1909 ఆగస్టు 17 – 1963 జూన్ 11) హైదరాబాదుకు చెందిన బడిపంతులు, ఫుట్‌బాల్ కోచ్. 1950 నుంచి కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆయనే శిక్షకుడు. ఆ కాలంలోనే భారత జట్టుకూ కోచ్‌గా పనిచేసి 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిపెట్టారు. ఆటగాళ్లంతా ఆయన్ను ‘రహీం సాబ్’ అనే పిలిచేవారు.

బంగారు గనుల ఊళ్లలో పెరిగిన మన పెద్దలకు ఫుట్‌బాల్ కొత్త కాదు. గనులు నడిచిన రోజుల్లో షిఫ్టు దిగినవాళ్లు సాయంత్రం గ్రౌండు చేరడం మామూలే. మన పక్కనున్న బెంగళూరు ఆటగాళ్లు రహీం సాబ్ నడిపిన భారత జట్లలో ఆడారు కూడా. అయినా మన ఇళ్లలో ఈతరం పిల్లలకు ఆయన పేరు 2024లో వచ్చిన హిందీ సినిమా ‘మైదాన్’ ద్వారానే తెలిసింది. ఆ సినిమా ప్రధానంగా జాతీయ జట్టు కథ. ఆ జట్టుకు పునాది పడింది మాత్రం హైదరాబాదులో, ఒక పోలీసు జట్టులో. అందుకే ఆ పునాదితో మొదలుపెట్టి ఆయన జీవితాన్ని ఇక్కడ పొందుపరుస్తున్నాం.

ఒక్క చూపులో

పుట్టింది: హైదరాబాద్, 1909
చదువు: ఉస్మానియా విశ్వవిద్యాలయం
వృత్తి: ఉపాధ్యాయుడు
జట్టు: హైదరాబాద్ సిటీ పోలీస్ (తర్వాతి పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్), 1950–1963
జట్టుతో గెలిచినవి: రోవర్స్ కప్ వరుసగా 5 సార్లు (1950–1954), ఆ తర్వాత మరికొన్ని సార్లు, డ్యూరాండ్ కప్ 4 సార్లు (1950, 1954, 1957, 1961)
రాష్ట్ర జట్టుతో: సంతోష్ ట్రోఫీ 2 సార్లు (1956, 1957)
భారత జట్టుతో: ఆసియా క్రీడల స్వర్ణం (1951, 1962), ఒలింపిక్స్ నాలుగో స్థానం (1956)

బడి నుంచి మైదానానికి

రహీం ఉస్మానియాలో చదువుకునే రోజుల్లో అక్కడి జట్టుకు ఆడారు. చదువు ముగిశాక పంతులు ఉద్యోగంలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పాఠాలు చెప్పిన బడులు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా కూడా ఏళ్ల తరబడి పనిచేశారు.

ఈ పంతులు ఉద్యోగాన్ని మనం చిన్న వివరంగా తీసిపారేయకూడదు. ఆయన శిక్షణ పద్ధతి మొత్తం తరగతి గదిలోంచే వచ్చింది. పాఠాన్ని ముక్కలు చేసి చెప్పడం, ఒక్కో ముక్కను వచ్చేదాకా చేయించడం, తెలివైన పిల్లవాడితో పాటు వెనకబడిన పిల్లవాణ్ణి కూడా గమనించడం మంచి పంతులు రోజూ చేసే పనులే. ఆయన వాటిని బంతి దగ్గరికి తెచ్చారు.

సిటీ పోలీస్ జట్టు

ఆ రోజుల్లో భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బులదే పేరు, వాటిదే జనం, వాటిదే డబ్బు. హైదరాబాద్ సిటీ పోలీస్ ఆటగాళ్లు పోలీసు శాఖ ఉద్యోగులు. నెల జీతం, ఆట ఒకే చోట దొరకడం పేదింటి కుర్రాళ్లకు పెద్ద ఆధారం. జట్టుకు కూడా అదే బలం: ఏటా ఆటగాళ్లు మారిపోరు, కలిసి ఆడిన ఏళ్లు పెరిగేకొద్దీ ఒకరి అడుగు ఒకరికి తెలిసిపోతుంది.

1950లో రహీం చేతికి జట్టు వచ్చింది. ఆ ఏడాదే డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు తెచ్చారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను అదే ఏడాది మొదలుపెట్టి 1954 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచారు. 1954 డ్యూరాండ్ ఫైనల్లో ఓడింది మన బెంగళూరు జట్టు హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్. 1957లో, 1961లో మళ్లీ డ్యూరాండ్ దక్కింది.

ఈ మధ్యలోనే 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. కాలక్రమంలో జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. 1961 డ్యూరాండ్ గెలిచింది ఆ పేరు మీదే. పేరు, రాష్ట్రం మారినా కోచ్ మారలేదు.

ఎలా నేర్పారు

రహీం శిక్షణలో నాలుగు అంశాలు ముఖ్యంగా చెప్పుకోవాలి.

మొదటిది ఒక్క తాకుడు ఆట. బంతి కాలికి రాగానే ఆపుకుని, తిప్పుకుని, చుట్టూ చూసి ఇవ్వడం కాదు. వచ్చేలోపే ఎవరికివ్వాలో చూసుకుని, తాకిన వెంటనే వదిలేయాలి. దేహబలంలో పెద్ద జట్లను ఎదిరించడానికి ఇది తెలివైన దారి. బంతి మనిషికంటే వేగంగా పోతుంది కాబట్టి, ఎదుటివాడు ఎంత బలవంతుడైనా దాన్ని పరుగెత్తి అందుకోలేడు.

రెండోది డ్రిబ్లింగ్ లేని పోటీలు. అప్పటి కుర్రాళ్లకు బంతిని కాలికి అంటించుకుని నలుగురిని దాటిపోవడమంటే మోజు. ఆ అలవాటు మాన్పించడానికి ఆయన డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టించారు. దాటే వీలు లేకపోతే పాస్ ఇవ్వక తప్పదు కదా.

మూడోది రెండు కాళ్ల వాడకం. కుడికాలి ఆటగాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో గంటల తరబడి సాధన చేయాల్సిందే. ఒంటికాలి ఆటగాడు ఎటు తిరుగుతాడో ఎదుటివాడికి ముందే తెలిసిపోతుందని ఆయన లెక్క.

నాలుగోది జట్టు అమరిక. అప్పట్లో మనవాళ్లు ముందు ఐదుగురిని నిలబెట్టి ఆడేవారు. రహీం ఫార్వర్డ్ వరసలో నడిమివాణ్ణి కొంచెం వెనక్కి లాగి, అతన్ని కాపలా కాసే డిఫెండర్ను అయోమయంలో పడేశారు. వెంట వస్తే వెనక ఖాళీ, రాకపోతే ఇతనికి చేతినిండా స్వేచ్ఛ. 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ వల్ల లోకమంతా తెలిసిన 4-2-4 అమరిక వైపు మన ఆటగాళ్లను నడిపించింది కూడా ఆయనే.

ఆటగాళ్ల ఇంటి సంగతులు కూడా ఆయనకు తెలుసు. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం ఇందుకు ఉదాహరణ. రోజూ హైదరాబాద్ శిక్షణకు రావడానికి డబ్బులేదని ఆ కుర్రాడు చెబితే, సైకిల్ ఖర్చు రహీం చూసుకున్నారు. ఆ కుర్రాడు 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు, 1962లో బంగారు పతకం మెడలో వేసుకున్నాడు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీలతో పాటు మన ఫుట్‌బాల్ ముగ్గురు మొనగాళ్లలో ఒకడయ్యాడు.

భారత జట్టు

1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు. ఫైనల్లో ఇరాన్‌పై 1-0 గెలుపు, గోల్ కొట్టింది మేవాలాల్. బెంగళూరు ఆటగాడు అహ్మద్ ఖాన్ ఆ జట్టులో ఉన్నాడు.

మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయ్యాం. చలిలో, తడి నేలమీద మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ దెబ్బతో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

నాలుగేళ్లకు మెల్‌బోర్న్. 1956 డిసెంబరు 1న ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీస్‌లో అదే యుగోస్లావియా. మనమే ముందు గోల్ కొట్టాం, చివరికి 4-1తో ఓడాం. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో అంతకు మించిన స్థానం మనకు మళ్లీ రాలేదు. ఆ జట్టులో బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి హైదరాబాదీలు ఉన్నారు. నూర్‌తో పాటు హాఫ్ లైన్లో ఆడిన కెంపయ్య బెంగళూరువాడు. 1960 రోమ్‌లో హంగరీ చేతిలో 2-1, పెరూ చేతిలో 3-1 ఓడినా, ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించాం.

జకార్తా, 1962

ఆఖరి పరీక్ష జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే రహీం ఆరోగ్యం దెబ్బతింది. ఆయన్ను తినేస్తున్నది ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతన్ని వెనక ఆడించడం ప్రమాదం, పూర్తిగా పక్కన పెట్టడం నష్టం. అతను ఫార్వర్డ్‌గా కూడా ఆడగలడని రహీంకు తెలుసు. సెమీస్‌లో సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన ఆ మ్యాచ్‌లో అతను ఒక గోల్ కొట్టాడు.

సెప్టెంబరు 4న ఫైనల్, మళ్లీ కొరియాతోనే. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వకపోవడంపై భారత క్రీడాధికారి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం మనపై మండిపడుతున్నారు. స్టేడియంలో లక్షమంది దాకా జనం, మనవాళ్లు బంతి తాకితే ఈలలు, కేకలు. పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు మాత్రం మన జట్టుకు చప్పట్లు కొట్టారని తర్వాత మన ఆటగాళ్లు చెప్పుకునేవారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో కుట్లున్న తలతోనే జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. చివర్లో కొరియా ఒకటి తిరిగిచ్చినా 2-1తో బంగారం మనదే.

ఆ తర్వాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, 53 ఏళ్ల వయసులో రహీం సాబ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ మళ్లీ బంగారం గెలవలేదు. 1970లో దక్కిన కాంస్యమే చివరి పతకం.

వెనక మిగిలింది

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో జాన్ వుడెన్ పేరు ఇలాంటిదే. ఆయనా మొదట హైస్కూల్లో ఇంగ్లిషు పంతులు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ జట్టును 1948 నుంచి 1975 దాకా 27 ఏళ్లు నడిపి 10 జాతీయ టైటిళ్లు గెలిపించారు. అందులో మొదటిది వచ్చింది 1964లో, అంటే పదహారో సీజన్లో. అన్నేళ్లు ఓపిక పట్టిన సంస్థ ఉండబట్టే ఆ పంతులు పనికి ఫలితం కనిపించింది. ఆ విశ్వవిద్యాలయం ఆట స్థలానికి ఆయన పేరు, ఆయన భార్య పేరు కలిపి పెట్టుకుంది.

రహీం సాబ్‌కు బతికుండగా దేశం ఇచ్చిన పెద్ద బిరుదేదీ లేదు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైందే 1985లో. 1990లో ఆ అవార్డు అందుకున్న ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు, 2021లో మరణించారు.

హైదరాబాద్ ఫుట్‌బాల్ కొన్నాళ్లు ఆ ఊపుమీదే నడిచింది. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. తర్వాత మెల్లగా వెలుగు తగ్గింది. ఒక్క మనిషి భుజాలమీద నిలబడిన పద్ధతి, ఆ మనిషి పోయాక ఎన్నాళ్లు నిలుస్తుంది? సంస్థ ఇచ్చిన ఉద్యోగాన్ని నమ్ముకున్న ఆట, ఆ సంస్థే ఆట వైపు చూడటం మానేస్తే ఏమవుతుంది? 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడటం చూసిన మన కుటుంబాలకు ఈ ప్రశ్నలు విడమరిచి చెప్పనక్కర్లేదు. గనితో పాటే గని నీడలో బతికిన ఆటలకూ ఆదరువు పోయింది.

రహీం సాబ్ జీవితంలో మనకు పనికొచ్చే సంగతి కూడా ఇక్కడే ఉంది. ఆయన దగ్గర గొప్ప స్టేడియాలు, విదేశీ పరికరాలు లేవు. ఉన్నది ఒక బడి, ఒక గ్రౌండు, రోజూ వచ్చే కుర్రాళ్లు, ఏళ్లకేళ్లు కదలకుండా నిలబడిన ఒక పంతులు. నరసాపురం చుట్టుపక్కల ఫ్యాక్టరీలు వచ్చాయి, జనం పెరిగారు, బడులూ ఉన్నాయి. మన పిల్లలు చదివే బడిలో ఆటల పీరియడ్ నిజంగా జరుగుతోందా, ఆటల మాస్టారికి గ్రౌండు వదిలి వేరే పనులు అప్పగిస్తున్నారా అని తల్లిదండ్రుల సమావేశంలో ఒక్కమాట అడగడం మన చేతిలో ఉన్న పనే. చాదర్‌ఘాట్ బడిలో ఆటల పీరియడ్ చూసుకున్న పంతులే దేశానికి రెండు బంగారు పతకాలు తెచ్చిపెట్టారని పిల్లలకు కూడా చెబుదాం.