గనుల పక్కన నల్ల కాకటూలు

పెర్త్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్ళు సాయంత్రం పూట ఇంటి మీదుగా అరుచుకుంటూ పోయే పెద్ద నల్ల పక్షుల్ని చూసి, "అబ్బో, ఇక్కడి కాకులు ఇంతేసి ఉన్నాయేమిటి!" అనుకోవడం మామూలే. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. అవి కాకులు కావు, చిలకల జాతికి చెందిన నల్ల కాకటూలు. తర్వాత ఉద్యోగరీత్యా గనులకి మ్యాపులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ రాయాల్సి వచ్చింది. అలా వీటి సంగతి నాకు బాగా తెలిసింది. తెలిసినంత వరకు మీతో పంచుకుంటాను.

ఎవరివి ఈ అడవులు?

ఆస్ట్రేలియా నైరుతి మూలన మూడు రకాల నల్ల కాకటూలున్నాయి. తెల్లతోకవి రెండు: కార్నబీ, బోడిన్. మూడోది అడవి ఎర్రతోక కాకటూ. ఈ మూడూ ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. ఇక్కడి ఆదివాసులైన నూంగార్ ప్రజలు కార్నబీని 'నూలార్క్' అనీ, ఎర్రతోకని 'కారక్' అనీ పిలుస్తారు. దేశ పర్యావరణ చట్టం (1999) జాబితాలో మొదటి రెండూ 'ఎండేంజర్డ్', మూడోది 'వల్నరబుల్'.

వీటి ముఖ్యమైన ఆహారాల్లో మర్రి గింజలు ఒకటి. మర్రి అనగానే ఊడలు దిగిన మన మర్రిచెట్టు అనుకోకండి! ఇది యూకలిప్టస్‌కి దగ్గరి బంధువు. జర్రా అనే చెట్టుతో కలిసి పెర్త్ పక్క కొండల మీద అడవిగా పెరుగుతుంది. ఆ అడవి కిందే బాక్సైట్ ఉంది. బాక్సైట్ నుంచి అల్యూమినా, దాన్నుంచి అల్యూమినియం. మన ఇడ్లీ పాత్ర నుంచి సెలవులకి ఇండియా వెళ్ళే విమానం దాకా అన్నిటికీ అదే కావాలి. మనకీ ఇది కొత్త కథ కాదు. విశాఖ మన్యంలో బాక్సైట్ తవ్వకాల మీద ఏళ్ళ తరబడి గొడవ జరిగి, చివరికి 2019లో రాష్ట్ర ప్రభుత్వం లీజులు రద్దు చేసింది. ఇక్కడ మాత్రం జర్రాడేల్‌లో 1963లో మొదలైన తవ్వకం, ఊళ్ళు మారుతూ నేటికీ సాగుతోంది. బాడింగ్టన్ దగ్గర బంగారు గని కూడా ఉంది.

తొర్ర ఖరీదు

ఈ పక్షులు గూడు అల్లవు. పెద్ద చెట్టు తొర్రలో గుడ్లు పెడతాయి. కాకటూ పట్టేంత తొర్ర తయారవడానికి చెట్టుకి వంద నుంచి రెండు వందల ఏళ్ళు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. కార్నబీ ఒకటో రెండో గుడ్లు పెడుతుంది. ఆడపక్షి సుమారు 29 రోజులు పొదుగుతుంటే మగపక్షి మేత తెస్తుంది. సాధారణంగా ఒక్క పిల్లే బతికి, పది పదకొండు వారాలకి బయటికి ఎగురుతుంది. ఉన్న తొర్రల కోసం గలాలు, కొరెల్లాలు, తేనెటీగలు కూడా పోటీకొస్తాయి.

గనిలో ఏం చేస్తారు?

మొదట సర్వే. రొమ్ము ఎత్తులో 500 మిల్లీమీటర్లు దాటిన ప్రతి చెట్టునీ (వాండూ, సామన్ గమ్ అయితే 300) కొలిచి, నంబరిచ్చి, జీపీఎస్‌లో ఎక్కిస్తారు. పొడుగాటి కర్రకి కెమెరా కట్టి తొర్రలోకి చూస్తారు. బాక్సైట్ ముక్కలు ముక్కలుగా, కొద్ది మీటర్ల లోతులోనే ఉంటుంది కాబట్టి రోడ్డునీ గుంట హద్దునీ కొంత జరపడం సాధ్యమే. చెట్లు కొట్టక తప్పకపోతే గుడ్లు పెట్టే కాలం కాకుండా చూస్తారు, కొట్టేముందు మళ్ళీ తొర్ర చూస్తారు. వాహనాల టైర్లకి అంటిన మట్టిని కడుగుతారు. చెట్ల వేళ్ళని కుళ్ళబెట్టే ఫైటోఫ్తోరా తెగులు మట్టి ద్వారానే పాకుతుంది మరి.

కొన్నేళ్ళ క్రితం నేను రాసిన ప్రోగ్రాం తొర్రచెట్ల చుట్టూ వృత్తం గీసి, 'రక్షితం' అని ఆకుపచ్చ రంగు వేసేది. మీటింగ్‌లో తెర మీద అంతా పచ్చగా కనబడితే నాకు గర్వంగా ఉండేది. ఒకరోజు పక్షుల సర్వే చేసే ఒక పెద్దావిడ ఆ మ్యాపు చూసి, "చెట్టు ఉంచారు, బాగుంది. తల్లి ఎక్కడ తింటుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. గూటికి సుమారు 12 కిలోమీటర్ల లోపు మేత, నీళ్ళు లేకపోతే పిల్ల నిలవడం కష్టం. ఒంటరిగా మిగిలిన తొర్రచెట్టు ఖాళీ ఇల్లే. ఆ తర్వాత మేత చెట్లనీ, రాత్రి వాలే చెట్లనీ, నీటి గుంటల్నీ వేరే లేయర్లుగా చేర్చాం. మ్యాపులో పచ్చదనం బాగా తగ్గింది, నిజం మాత్రం పెరిగింది.

తిరిగి వస్తుందా?

తవ్విన గుంటని పూడ్చి, తీసి ఉంచిన పైమట్టి పరిచి, జర్రా, మర్రి, బ్యాంక్సియా విత్తనాలు చల్లుతారు. పదేళ్ళు తిరిగేసరికి అలాంటి చోట్ల కాకటూలు మేస్తున్నాయని పరిశోధకులు గమనించారు. ఇది మంచి వార్త. కానీ మేత వచ్చినంత త్వరగా తొర్ర రాదు. ఆ లోటు తీర్చడానికి గొట్టాలతో కృత్రిమ తొర్రలు కడతారు. లోపల ఎక్కిదిగడానికి నిచ్చెనలాంటి వల, కొరకడానికి కొయ్య ముక్క పెడతారు. కాకటూ ఆ కొయ్యని చెక్కి, ఆ పొట్టు మీదే గుడ్లు పెడుతుంది. ఇవి పనిచేస్తాయి కానీ, కొయ్య అరిగిపోతుంది, తేనెటీగలు చేరతాయి. ఏటా చూసేవాడు కావాలి. గని మూతపడ్డాక కూడా చూసేవాడు ఉండాలి. అసలు చిక్కంతా అక్కడే.

'ఆఫ్‌సెట్' అని ఇంకో పద్ధతి ఉంది. ఇక్కడ కొట్టినదానికి బదులు ఇంకోచోట అడవి కొని కాపాడతారు. అయితే ఆ అడవి ఇంతకుముందూ ఉన్నదేగా? మొత్తం మీద తగ్గింది తగ్గినట్టే. దానికి తోడు 2023-24 వేసవి వానల్లేక ఎండలు మండి, గనులు లేనిచోట కూడా జర్రా చెట్లు మాడిపోయాయి. అందుకే ఉన్న పెద్ద చెట్టుని ఉంచడం కన్నా చవకైన మార్గం నాకైతే కనబడలేదు.

మనం చేయగలిగింది

పెర్త్ పరిసరాల్లో ఉన్నవాళ్ళు ఏటా జరిగే 'గ్రేట్ కాకీ కౌంట్'లో చేరవచ్చు. సూర్యాస్తమయం వేళ ఒక చెట్ల గుంపు దగ్గర నిలబడి, వాలే పక్షుల్ని లెక్కపెట్టాలి, అంతే. పిల్లల్ని తీసుకెళ్ళండి, సరదాగా ఉంటుంది. అడవి రోడ్ల మీద కారు నెమ్మదిగా నడపండి, దెబ్బలు తగిలే పక్షుల్లో చాలా వాటికి వాహనాలే కారణం. గాయపడింది కనబడితే తిండి పెట్టకుండా వైల్డ్‌కేర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. పెరట్లో ఒక బ్యాంక్సియా, ఒక హేకియా నాటండి. గని అనుమతుల మీద ప్రభుత్వం ప్రజాభిప్రాయం అడిగినప్పుడు నాలుగు లైన్లు రాయండి.

గనుల్లో, ఐటీలో పనిచేసే మిత్రులకి ఇంకొక్క మాట. మన తెర మీద పచ్చగా కనబడే ప్రతి చుక్కనీ ఒకసారి అడవికెళ్ళి, దాని కింద నిలబడి చూడండి. తల్లి ఎక్కడ తింటుందో కూడా అడగండి.